హారన్ లేని పాటలు

ఈరప్ప ఒక చేత్తో తడిగుడ్డ పట్టి ముందద్దం తుడుస్తూనే, ఇంకో చేత్తో స్పీకరు తీగ సరిచేశాడు. తమిళనాడులోని సూళగిరి నుంచి హోసూరు ఫ్యాక్టరీకి మొదటి షిఫ్టు జనాన్ని చేరవేసే బస్సు అది. పొట్టి మనిషి, చిన్న బొజ్జ, ఎడమ చెవి పక్కన మాత్రమే నెరిసిన జుట్టు, ఖాకీ చొక్కా భుజం మీద మడత చెదరని తువ్వాలు. రిటైరయ్యే వయసులో ర్యాప్ వింటాడేమిటని కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వినవాళ్లే వారం తిరక్కముందే ఆ పాటలు గొణుగుతుంటారు. వేరే గతి లేదు మరి, స్టీరింగు ఆయనది, స్పీకరూ ఆయనదే.

ఆయన వినేది ఒక్కడి పాటలే. యతీశ్ అనే ఆ కుర్రాడు అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఇదే బస్సు చివరి సీట్లో వచ్చిపోయేవాడు. కిటికీ రేకు మీద వేళ్లతో దరువేస్తూ, కుదుపుకో మాట కలిపేవాడు. అలా కట్టిన మొదటి పాటకు బస్సు హారన్ కావాలన్నాడు. ఈరప్ప హారన్ కొట్టే తీరు ఒకటుంది, రెండు పొట్టివి, ఒకటి సాగదీసి. అది వినపడితే దారిలోని ఊళ్లలో ఆడవాళ్లు చేతిలోని గిన్నె ఎక్కడిదక్కడ దించి పరుగెత్తుకొస్తారు. యతీశ్ దాన్ని ఫోనులో పట్టి పాట మొదట్లో పెట్టాడు. ఆ పాట ఎన్ని ఫోన్లలో మోగిందో లెక్కే లేదు. యతీశ్ కాస్తా 'యతి' అయ్యాడు, ఉద్యోగం మానేసి బెంగళూరు చేరాడు. ఆనాడు విప్పారిన ఈరప్ప ఛాతీ ఇంతవరకూ దిగలేదు.

యతి కొత్త ఆల్బం రాత్రే వచ్చింది. అందరితో కలిసి వినాలని ఈరప్ప ఒక్క పాటైనా ముట్టకుండా ఆగాడు. "మన హారన్ లేకుండా వాడు పాట కట్టడు" అని నెల రోజులుగా బస్సంతా చాటి ఉన్నాడు.

"అందురూ ఎక్కినారా? ఇంక మాటలు నిలపండప్పా," అని పాట పెట్టాడు.

మొదటి పాట వయొలిన్‌తో మొదలైంది. రెండోదాంట్లో సగం ఇంగ్లీషు. మూడోది మెల్లగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు సాగింది. పాట మారినప్పుడల్లా ఈరప్ప ఊపిరి బిగబట్టాడు. ఫ్యాక్టరీ గేటు వచ్చింది, ఆల్బం అయిపోయింది, హారన్ రానేలేదు.

పెయింటింగు సెక్షన్‌లో పనిచేసే సెల్వరాజ్ వెనకనుంచి అందుకున్నాడు. "ఏమన్నా, మన హారన్ యాడ? బెంగళూరు ట్రాఫిక్‌లో తగులుకునిందా?"

బస్సంతా గొల్లుమంది.

"నువ్వు సుమ్మనుండప్పా. మీసం వచ్చినంక కూడా వాడు మన చెయ్యి పట్టుకోనే నడవాల్నా? పెద్దోడయినాడు. పాటలు గొప్పగా ఉండాయి," అన్నాడు ఈరప్ప, అంత గట్టిగా అనాల్సిన పనిలేకపోయినా.

అందరూ దిగిపోయాక షెడ్డులో బస్సు నిలిపి ఒక్కడే కూర్చున్నాడు. బాధేసింది. ఆల్బం బాగుండడమే ఎక్కువ బాధ. చెత్తగా ఉంటే తిట్టి ఊరుకునేవాడు. క్లీనరుగా మొదలై, లారీలు తోలి, ఈ బస్సు దాకా వచ్చిన బతుకులో ఆయన పేరు లైసెన్సు మీద తప్ప ఎక్కడా ఎక్కలేదు. ఆయన నుంచి లోకంలోకి వెళ్లింది ఆ హారన్ ఒక్కటే. భార్య రంగమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ ఒక్కో పాట మొదలు మళ్లీ వెతికాడు. ఎక్కడా లేదు. యతికి ఫోను చేద్దామని నంబరు తీశాడు. ఏమని అడగాలో తోచక జేబులో పెట్టేశాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ బస్సులో పాటలుండవు, అందరూ నిద్రపోతారు. ఆవేళ డ్రైవరు వెనక సీట్లో కూర్చునే కలైసెల్వి ముందుకు వంగింది. ఆమె పని రోజంతా లైనులో నిలబడి స్క్రూలు బిగించడం.

"అన్నా, ఆ మూడోది మళ్లా పెట్టన్నా."

"పండుకోమ్మా. అందులో ఏముండాది?"

"అది మా కాళ్ల పాట కదన్నా. నువ్వు వినలేదా?"

ఈరప్ప వినలేదు. పొద్దుట్నుంచీ హారన్ కోసమే చెవులు రిక్కించాడు తప్ప ఒక్క మాటా చెవిన పడనివ్వలేదు. సిగ్గుపడుతూ మూడో పాట పెట్టాడు. షిఫ్టంతా నిలబడిన ఆడవాళ్లు బస్సు కదలగానే సీటు కింద బూట్లు వదులు చేసుకోవడం, వాచిన పాదాలు ఎవరి కంటా పడకుండా సంచి వెనక దాచుకోవడం, దిగే ఊరు రాగానే నవ్వుమొహంతో లేవడం, అన్నీ ఉన్నాయి అందులో. బస్సులో ఎవరూ నిద్రపోలేదు. ఇన్నేళ్లుగా ఈరప్పకు అద్దంలో వాళ్ల మొహాలే కనిపించాయి, కాళ్లు కనిపించలేదు. చివరి సీట్లో దరువేసుకునే పిల్లవాడికి కనిపించాయి.

"చూసినాడమ్మా. అందుర్నీ చూసినాడు," అన్నాడు. చెయ్యి చాచి స్పీకరు ఇంకాస్త పెంచాడు, గర్వంగా.

"హారన్ లేదని మనసులో ఉండాదా అన్నా?"

"ఉండాది, అబద్ధం యాల? అయినా హారన్ ఎవురైనా కొడతారు. ఇట్ల చూసేది ఎవురికి వస్తాది?"

ఆ పాట అయిపోగానే అడక్కుండానే మళ్లీ పెట్టాడు. సూళగిరి దాకా అదే మోగింది. అందరినీ దింపాక బస్సు చాలాసేపు బండ్ల స్టిక్కర్లు కోసే అంగడి ముందు ఆగి ఉందని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న ఈరప్ప మళ్లీ లేవలేదు.

రెండు రోజులకు కొత్త డ్రైవరు వచ్చాడు. సీటు వెనక్కి జరుపుతుంటే, కింద పేపర్లో చుట్టిపెట్టిన పొడుగాటి చుట్ట అడ్డం తగిలింది. కలైసెల్వి విప్పి చూసింది. వెనకద్దానికి అంటించే రేడియం స్టిక్కరు. ఈరప్ప బడిలో నేర్చింది తమిళమే కాబట్టి లిపి తమిళం, మాటలు మాత్రం మన తెలుగువి: 'యతి ఈ బండిలో వచ్చినోడే.' పసుపు అక్షరాలు కొత్తగా మెరుస్తున్నాయి, వెనక కాగితం ఇంకా ఒలవనేలేదు.