పెరుగుడు మడత

ఫోను మోగితే చాలు, టైలరమ్మ గుండె గుభేలుమనేది. కూతురు రోజూ చేసే వేళకంటే ముందు చేస్తే ఏదో ముంచుకొస్తోందని భయం. ఆలస్యంగా చేస్తే ముంచుకొచ్చేసిందని భయం. సరిగ్గా వేళకే చేస్తే, ఏదో దాచిపెట్టి మామూలుగా మాట్లాడుతోందని భయం.

"నువ్వు భయపడనిది ఏదైనా ఉందా అమ్మా?" అనేది కూతురు.

"సూదికి భయపడను."

ఉన్నది ఆ ఒక్క కూతురే. రాబోయే ఏళ్ళలో రాష్ట్రంలో జనం ఎంతమంది ఉంటారో, వాళ్ళకేం కావాల్సొస్తుందో లెక్కలు కట్టే ఆఫీసులో ఉద్యోగం. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ పెద్ద ఊళ్ళోనే ఉంటారు. పిల్లలు వద్దనుకున్నామని, ఇవాళ కూర వండలేదని చెప్పినంత తేలిగ్గా ఒకరోజు చెప్పేసింది. టైలరమ్మ కిమ్మనలేదు. ఏదైనా అంటే మళ్ళీ ఫోను చెయ్యదేమోనని భయం.

ఆమె కొట్టు బడికి ఎదురుగానే ఉండేది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, వెనక మంచం పట్టేంత చోటు. మొగుడు పోయిన నాటి నుంచీ బడిపిల్లల యూనిఫారాలే ఆమెకి అన్నం పెట్టాయి. ఆమె కుట్టిన గౌనుని ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. కింద అంచులో బెత్తెడు గుడ్డ లోపలికి మడిచి వదిలేది. దానికి పెరుగుడు మడత అని ఆమే పేరు పెట్టింది. ఆ మడత దగ్గరికి వచ్చేసరికి మిషను మర తిప్పి, కుట్టు పొడుగు పొడుగుగా వేసేది. వచ్చే ఏడు పిల్ల ఎదిగితే, తల్లి ఇంట్లోనే దారం కొస పట్టుకుని లాగాలి, అది జర్రున ఊడిరావాలి. ఒకే గౌనులో రెండు గౌనులని తల్లులు మురిసిపోయేవారు.

అలాంటిది, ముందు అన్నిటికంటే చిన్న సైజు అడిగేవాళ్ళు తగ్గారు. తరవాత రెండు తరగతుల్ని కలిపి ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆఖరికి మిగిలిన నలుగురినీ బస్సెక్కించి పక్క ఊరి బడికి పంపి, ఈ బడికి తాళం వేశారు.

"పిల్లలందరూ ఏమైపోయారే?" అని కూతుర్ని అడిగింది.

"ఏమీ అయిపోలేదమ్మా. పుట్టలేదు." కూతురు గొంతులో లెక్క చెప్పే తీరే తప్ప మరేం లేదు. "జనాన్ని వయసుల వారీగా, ముసలివాళ్ళు పైన, పిల్లలు కింద వచ్చేలా బొమ్మ గీస్తాం కదా, ఒకప్పుడు అది నువ్వు కుట్టే కుచ్చిళ్ళ గౌనులా ఉండేది. పైన సన్నం, కింద బోలెడు వెడల్పు. ఇప్పుడు కింద తాడేసి బిగించిన సంచిలా ఉంది."

"అయితే సంచీలు కుట్టమంటావా నన్ను?"

"కొట్టు మూసేసి నా దగ్గరికి వచ్చెయ్యమంటాను."

కూతురింట్లో టైలరమ్మ కొన్నాళ్ళు ఉండి చూసింది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోయేవారు. చీకటి పడ్డాక వచ్చేవారు. ఈలోగా పలకరించడానికి ఫ్రిజ్జు ఒక్కటే గుర్రుమనేది. లిఫ్టులో ఇరుక్కుంటానేమోనని కిందకి దిగేది కాదు. తలుపుకున్న కంతలోంచి ఎవరైనా పోతారేమోనని చూస్తూ నిలబడేది. మళ్ళీ అక్కడికి వెళ్ళి ఆ కంత ముందు నిలబడడమంటే, బతికుండగానే తనని ఎవరో మడిచి బీరువాలో పెట్టినట్టే.

తాళం వేసిన బడిని కొన్నాళ్ళకి పెద్దవాళ్ళ హాస్టలుగా మార్చారు. పిల్లలు సంచులు తగిలించుకునే కొక్కేలు గోడకి అంతే కిందగా ఉండిపోయాయి. ఇప్పుడు వాటికి చేతికర్రలు వేలాడేవి. ఒకరోజు వార్డెనమ్మ రోడ్డు దాటి వచ్చి గుడ్డల తాను బల్ల మీద పడేసింది.

"మా ఆడవాళ్ళందరికీ గౌనులు కావాలి. ఇవి బాగా కుదిరితే ఏడాది పొడుగునా పని నీదే. లేదంటే రెడీమేడ్‌వి తెప్పించుకుంటాం."

టైలరమ్మ ఒళ్ళు దాచుకోకుండా కుట్టింది. మెడలు బిగుస్తాయేమోనని భయపడి వదులు చేసింది. గుండీలు చేతికి దొరకవేమోనని పెద్దవి వేసింది. అంచుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుర్రకి పని లేకుండా చేతులే పని చేసుకుపోయాయి. ఒక్కటి తప్పకుండా అన్నీ ఇచ్చేసింది.

రెండు వారాలు గడవకముందే, ఎవరూ ఫోను చెయ్యని వేళ ఫోను మోగింది. కూతురు కాదు.

"కండక్టరమ్మ పడిపోయింది," అంది వార్డెనమ్మ. "నువ్వు కుట్టిన అంచు ఊడి కాలికి చుట్టుకుంది. ఓసారి రా."

ఆ చిన్న రోడ్డు దాటేలోగా టైలరమ్మ కండక్టరమ్మని చంపేసింది, పోలీసుల్ని పిలిచింది, తను జైల్లో ఉండగా కూతురు పేపర్లో చదివి ఏడవడం కూడా చూసేసింది. ఇన్నేళ్ళుగా గ్యాసుకీ, కరెంటుకీ, కుక్కకీ భయపడింది. తన కుట్టుకి ఏనాడూ భయపడలేదు.

కండక్టరమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మోకాలి మీద బూరెంత కాకపోయినా నిమ్మకాయంత వాపు తేలింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి.

"గతుకుల్లోనే పడలేదు నేను," అంది ఆమె. "నున్నటి గచ్చు మీద పడగొట్టావు కదే అమ్మాయ్."

అమ్మాయ్ అని తననెవరైనా పిలిచి ఎంత కాలమైందో టైలరమ్మకి గుర్తు లేదు.

వార్డెనమ్మ ఊడిన అంచు చేతిలో పట్టుకుంది. "ఇంత గుడ్డ ఎందుకు మడిచావు? ఇంత వదులు కుట్టేమిటి? దారం నాసిరకమా?"

అవునంటే సరిపోయేది. తప్పు దారం మీదకి పోయేది, పని దక్కేది. టైలరమ్మ పమిట కొస వేలికి చుట్టుకుంది.

"దారం మంచిదేనమ్మా. అలవాటు కొద్దీ చేతులు చేసేశాయి. వచ్చే ఏడు పొడుగవుతారు కదా అని..."

మూల మంచం మీద ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, మోకాలు నొప్పెట్టి ఆగింది, మళ్ళీ నవ్వింది.

"విన్నారా, వచ్చే ఏడు మనం పై క్లాసుకి పోతాంట."

వార్డెనమ్మ మాత్రం నవ్వలేదు. "అన్ని అంచులూ విప్పి గట్టిగా కుట్టివ్వు. పని సంగతి తరవాత చూద్దాం."

అన్నీ కొట్టుకి తీసుకెళ్తే వాళ్ళు తొడుక్కునేందుకు వేరేవి లేవు. అందుకని టైలరమ్మ సూదీ దారం తెచ్చుకుని మంచం మంచం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ ఒంటి మీదే అంచులు విప్పి, ఎక్కువ గుడ్డ కత్తిరించి, దగ్గర దగ్గరగా కుట్టింది. ఒకామె నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని, కుట్టు అయిపోయాక కూడా కాలు వెనక్కి తీసుకోలేదు. టైలరమ్మ కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

చివర కండక్టరమ్మ. "నాది ఇంకాస్త పైకి మడువు," అంది. "పోయిన ఏడు ఆ కిటికీలోంచి రోడ్డు కనిపించేది. ఇప్పుడు మునివేళ్ళ మీద నిలబడాల్సొస్తోంది. కిటికీ పెరిగిందంటావా?"

"లేదు పెద్దమ్మా."

"మరి? పిల్లలకి ఏటా విప్పాలి. మాకు ఏటా మడవాలి. వార్డెనమ్మా, రెడీమేడు వాడు వచ్చి మడుస్తాడా?"

వార్డెనమ్మ మంచాల మీద కుదురుగా కూర్చున్న గౌనుల వైపు ఒకసారి చూసింది. "సరే. ప్రతి ఏడూ వచ్చి కొలతలు తీసుకో," అంది.

కొట్టుకి తిరిగొచ్చాక కూతురు ఫోను చేసింది, సరిగ్గా వేళకే. టైలరమ్మ జరిగిందంతా చెప్పింది. కూతురు నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఊరుకుంది.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా. అయితే రావన్నమాట."

"రాను."

ముసలిదానివయ్యాక నీకెవరు మడుస్తారే అని నాలిక చివరిదాకా వచ్చిన మాట మింగేసి, "ఇప్పుడు నీ పొడుగెంత?" అని అడిగింది.

"పెళ్ళప్పుడు ఎంతో అంతే. ఎందుకు?"

"ఊరికే."

ఫోను పెట్టేసి, కొట్టులో మిగిలిన గుడ్డని కూతురి పొడుగుకి కొలిచి బల్ల మీద పరిచింది. అంచుల కోసం పొడుగు కుట్టు మీదే వదిలేసిన మరని అరచేత్తో తిప్పి కుట్టు చిన్నది చేసింది. కత్తెర తీసుకుంది కానీ చెయ్యి ముందుకి పోలేదు. పెరిగేవాళ్ళకి ముందుగానే మడత వదిలిపెట్టొచ్చు. తరిగేవాళ్ళకి అలా కుదరదు. ఏ ఏటికాయేడు ఎవరో ఒకరు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని మడవాల్సిందే.

ఆమె గుడ్డని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, దాని మీద కత్తెర ఉంచి, ఎదుటి కిటికీ వంక చూస్తూ కూర్చుంది. అక్కడ ఎవరో మునివేళ్ళ మీద నిలబడి రోడ్డుకేసి చూస్తున్నారు.