మెత్తని బురద

ఇసుక ఇక్కడే ఉండాలి, ఇంకో వేలెడు కిందికి చూస్తే తగులుతుందేమో, కొరాపుట్ ల్యాబ్‌లో బల్ల మీద నిలువునా చీల్చిన గొట్టంలో గుడారి కొండ సరస్సు అడుగు బురద నల్లగా మెరుస్తోంది, పైన ఈమధ్యది, కిందికి పోయేకొద్దీ పాతది, సరస్సు ఎండి కుంచించుకుపోయిన ఏళ్లలో ఒడ్డు ఇసుక నడిమధ్యదాకా కొట్టుకొస్తుంది, నిండుగా ఉన్న ఏళ్లలో మెత్తని బురదే దిగుతుంది, ఇదిగో తాతల నాటి కరువు, తెల్లటి ఇసుక పట్టీ గోరు కింద గరగరలాడుతోంది, నాకు కావలసింది ఇది కాదు, మా అమ్మ చిన్నమ్మి చనిపోయిన ఏడు కావాలి, ఆ కరువు కోసమే కదా నేనీ చదువు చదివింది, ఈ సబ్జెక్టే ఎందుకని ల్యాబ్‌లో చేరేటప్పుడు మా గైడు మనోరంజన్ సార్ అడిగితే ఇష్టమండీ అన్నాను, వీధి కుళాయి ఎండిపోయి గుంటనీళ్లు తాగి వాంతులతో పోయిన మనిషి గురించి ఇంటర్వ్యూలో ఏమని చెప్పను.

సుధా, పొరల వయసు రిపోర్టు వచ్చింది, సారే వెనక నుంచి, నువ్వడిగిన ఏటికి అటూ ఇటూ ఎక్కడా ఇసుక లేదు, మంచి వర్షాలు, సరస్సు నిండుగా ఉంది, రెండో గొట్టంలోనూ అంతే, సంతోషంగా చెప్పారు పాపం, రెండూ కలిశాయని, నేను మళ్లీ వేలు పెట్టి రుద్దాను, వెన్నలా ఉంది, అప్పటికి నేను మరీ చిన్నదాన్ని, గుర్తున్నదల్లా అమ్మ పెదవులు పగిలి నెత్తురు కారడమే, ఇంత మెత్తగా ఎలా ఉంది ఈ బురద.

వరండాలోకి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను, గుడారిలో నీళ్ల పైపుల పని చేసి రిటైరైన మనిషి, నాన్నా, అమ్మ పోయిన ఏడు వానలు పడలేదా, అటువైపు కాసేపు దగ్గు, పడకేటమ్మి, గెడ్డలు పొంగేయి, మన వీధి కుళాయికే నీలు రానేదు, ఆఫీసర్ల కాలనీకి తిప్పీసేరు, మరి కరువని ఎందుకు చెప్పావు నాన్నా ఇన్నాళ్లూ, ఏటి సెప్పమంటావు, ఆల దగ్గిర పని సేసీవోడిని, కరువంటే ఎవుల్నీ అనక్కర్నేదు కదమ్మి, తిప్పమన్నదెవరు అంటే పేర్లు చెప్పాడు, తడుముకోకుండా, ఇన్నేళ్లూ నాలిక కింద దాచుకున్నట్టు, అందులో ఒకాయన ఏటా మా వీధి పిల్లలకి పలకలు పంచేవాడు, నాకూ ఇచ్చాడు, కాళ్లకి దండం పెట్టాను, బాగా చదువుకో అమ్మి అన్నాడు, చదువుకున్నాను.

ఫోన్ పెట్టేశాను, లోపల సార్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు, నేను మాత్రం ఎండాకాలం వచ్చిందంటే పళ్లు కొరుక్కుంటూ పెరిగాను, మబ్బులేని ఆకాశాన్ని తిట్టని రోజు లేదు, పాపం ఆకాశం ఏం చేసింది, దాని పని అది చేసింది, వాన కురిసింది, సరస్సు నిండింది, అమ్మని చంపింది కరువు కాదు, మనుషులు.