లోపలి పెట్టె పాతదే

కంప్యూటర్లో పెట్టెలో పెట్టె ఉంటుందట, పైపెట్టెకు కొత్త సరుకు తెప్పిస్తే లోపలి పెట్టెకు దానంతటది రాదట, దాన్ని విడిగా పిలవాలట, పిలవని పెళ్లిళ్లకే పోయొచ్చిన నా ముందా ఈ మర్యాదలు అని ఆటపట్టించబోయి ఊరుకున్నాను, తాండూరులో రైలెక్కినప్పటి నుంచి ఇదంతా చెబుతున్న మా మనుమరాలు వైశాలి కిటికీ చువ్వ వదల్లేదు, వికారాబాద్ ఆసుపత్రిలో బీరప్ప కళ్లు తెరవలేదు, గని సైరన్ మోగగానే మేకలను మళ్లించుకొచ్చే బీరప్ప, ఆ సైరన్ మోగించేది ఇప్పుడు మనిషి కాదు కంప్యూటరు, దాన్ని చూసుకునేది వైశాలి, రాళ్లు పేల్చే వేళ మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మారింది, కొత్త వేళలు లోపలి రిపాజిటరీలో, అదే ఆ లోపలి పెట్టెలో, ఉన్నాయి, వైశాలి పైదానికే అప్‌డేట్ తెచ్చుకుంది, అంతా తాజాగానే ఉందని తెర చెప్పిందట, తెరకేం, చెబుతుంది, పొద్దున రాయి లేచింది, బీరప్ప తల పగిలింది, మధ్యాహ్నం తీరిగ్గా సైరన్ కూసింది, కాపరి లేని మేకలు ఆ కూత విని వాటంతటవే ఇంటికి మళ్లాయి.

ధారూర్ దాటాక గని మేనేజర్ మహిధర్ ఫోను, సైరన్ మోగింది, ఆయనే ఇనకుండ పోయిండు అని ఇంటోళ్లకు చెప్పుండ్రి, మీ తాత మాట నడుస్తది గద, ఫోను పెట్టేసి వైశాలి నా భుజం మీద తల ఆనించింది, తాతా, నువ్వే చెప్పు, నాకు నోరొస్తలేదు, నౌకరి పోతది, కేసు గూడ అయితది, చెప్తలే బిడ్డ, నాకెంతసేపు, అన్నాను, నిజమే, అబద్ధం నాకు చుట్ట కాల్చినంత సుఖం.

వార్డు ముందు బీరప్ప భార్య మొగులమ్మ, చేతిలో అతని చెప్పు ఒకటే, రెండోది గని దగ్గరే పోయినట్టుంది, అన్నా, సైరన్ మోగిందా, మోగితే గీయన అటు పోయే మనిషి గాదు, జర చెప్పు, వైశాలి గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి, మోగిందన్న మాట నోటిదాకా వచ్చింది, ఒకప్పుడు బషీరాబాద్ సంతలో గుమ్మడికాయలో ఎడ్లను కట్టేసి మరిచిపోయాననీ, కాయ కర్ణాటకకు అమ్ముడుపోయి ఎడ్లు కన్నడంలో అరిచాయనీ నేను చెబితే అందరూ నవ్వారు, మొగులమ్మ ఒక్కతే దిగులుపడి, వాటికి మేతెవరు ఏసిండ్రన్నా, అని అడిగింది, నేనేం చెప్పినా నమ్మే మనిషి ఈ భూమ్మీద ఈమె ఒక్కతే, ఇదీ నమ్ముతుంది, నమ్మి, తాను పోయేదాకా మొగుడి చెవులనే తిట్టుకుంటుంది, మోగలే చెల్లె, అసలు మోగలే.