మూడో వరుస చివరి మెత్త

ఉదయం ధ్యానం ముగిసి అందరూ ఫలహారానికి వెళ్ళగానే మెత్తలామె హాల్లోకి వచ్చింది. ఒక్కొక్క మెత్తనూ మోకాలికేసి తట్టి, అణిగిన దూదిని వేళ్ళతో విడదీసి, మళ్ళీ చాప మీద సర్దసాగింది. అరవై మెత్తలు. అన్నీ ఆమె కుట్టినవే. ధ్యాన కేంద్రంలో పనికి చేరి పద్నాలుగేళ్ళయినా ఆమె ఒక్కరోజూ కళ్ళు మూసుకుని కూర్చున్నది లేదు. ఆమె కూర్చుంటే ఆ అరవైమందీ కటిక నేల మీద కూర్చోవాల్సిందే.

మూడో వరుస చివరి మెత్తను మాత్రం తట్టలేదు. ఎడమవైపు అడుగున వేలితో నొక్కి చూసింది. గట్టిగా తగిలింది. ఆమె కడుపు చల్లబడింది.

లోపల ఉన్నది నూలు చుట్టే చెక్క కండె, బొటనవేలంత. అది ఆమె అన్నది. మిల్లులో దూది ఏకే యంత్రం అతని కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసుకున్న రోజున జేబులో మిగిలిపోయిన కండె. యంత్రం మూత ఊడిపోయిందని అన్న ముందురోజే చెప్పాడు. అయినా నడపమన్నది సూపర్వైజరు. తీరా వేళ్ళు పోయాక, పనివేళ నిద్రపోయి చెయ్యి పెట్టాడని కాగితం మీద రాసి చేతులు దులుపుకున్నదీ ఆయనగారే. ఆనాటి నుంచీ వీధిలో చిన్నా పెద్దా అన్నను నిద్రమొహం అని పిలిచారు. ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళూ అన్న నలుగురిలో కునుకు తీసి ఎరగడు. రెప్పలు వాలుతుంటే లేచి నిలబడేవాడు. పోయే ముందు కూడా ఒకటే మాట. "నేను నిద్రపోలేదే చెల్లీ."

ఆ సూపర్వైజరే తొమ్మిది రోజుల కిందట, తల ముగ్గుబుట్టయి, సంచీ భుజాన వేసుకుని పది రోజుల ధ్యానానికి దిగాడు. ఆమె చూడగానే పోల్చుకుంది. ఆమెను ఆయన పోల్చలేదు. మెత్తలిచ్చే మనిషి మొహం ఎవడు చూస్తాడు కనుక!

ఆ సాయంత్రమే కండెను ఆయన మెత్తలో పెట్టి కుట్టేసింది. ఇక్కడ పది రోజులూ మౌనం. సాటివారితో మాట్లాడకూడదు, సైగ కూడా చేయకూడదు. నొప్పి పుడితే కదలకుండా, ఇదీ మారిపోయేదే అనుకుంటూ దాన్ని చూస్తూ కూర్చోవాలి. పగ తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? రేపు పదో రోజు, మౌనం విడుస్తారు. అప్పుడు అందరి ముందూ మెత్త కోసి, కండె ఆయన చేతిలో పెట్టి, "మా అన్న నిద్రపోయాడా?" అని అడగాలి. నిజం కక్కించాలి. ఈ తొమ్మిది రోజులూ ఆమె తిన్నదీ తాగినదీ ఆ మాటే.

మధ్యాహ్నం గురువుగారిని ప్రశ్నలడిగే వేళ ఆమె వరండాలో కిటికీలు తుడుస్తోంది. లోపల్నుంచి సూపర్వైజరు గొంతు వినిపించింది.

"ఎడమపక్క ఒకేచోట నొప్పండీ. ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టు. మొదట్లో లేచి పారిపోదామనుకున్నా. ఇప్పుడు దాన్ని చూస్తుంటే ఒక మనిషి గుర్తొస్తున్నాడు. నిద్రపోయాడని రాశాను. పోలేదు, నాకు తెలుసు." కాసేపు వెక్కిళ్ళు. "ఇన్నాళ్ళకి గుండె తేలికపడుతోందండీ. ఆ నొప్పి పుణ్యమే."

"చూస్తూ ఉండండి" అన్నారు గురువుగారు.

మెత్తలామెకు ఒళ్ళు భగ్గున మండింది. తను గుచ్చిన ముల్లుతో ఈయన తన గుండెలో ముల్లు తీసుకుంటున్నాడా? అన్న పదకొండేళ్ళు మోసిన బరువు ఈయనకు తొమ్మిది రోజుల్లో దిగిపోవాలా? విసవిసా హాల్లోకి వెళ్ళి కుట్టు విప్పి, కండె లాగి ఏప్రాన్ జేబులో వేసుకుని, మళ్ళీ నాలుగు కుట్లు వేసింది. మెత్తగా కూర్చుని ఏడువు, అనుకుంది.

ఆ పూట ఆయన కుదురుగా కూర్చోలేకపోయాడు. ఇటు ఒరిగాడు, అటు ఒరిగాడు, తొడ కింద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. విరామంలో అందరూ బయటికి వెళ్ళాక, దొంగలా అటూ ఇటూ చూసి ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నా మెత్త మార్చారా?"

ఇద్దరి మధ్యా మూడడుగులు. జేబులో కండె ఉంది, నాలుక చివర మాట ఉంది. కానీ అడిగితే చెప్పేస్తాడు. చెప్పేసి ఇంకా తేలికైపోతాడు.

"లేదండీ. అదే."

"నొప్పి పోయిందమ్మా. నాకు ఇంకా అయిపోలేదు. చాలా ఉంది."

"నొప్పి పోతే మంచిదే కదండీ" అని నవ్వింది. రెప్ప వేయకుండా అబద్ధమాడటం ఇంత సులువని ఆమెకు అంతవరకూ తెలియదు.

సాయంత్రం గంటసేపు కాలూ చెయ్యీ కదపకుండా కూర్చునే ధ్యానం. అది ముగిసి గంట మోగింది. మోకాళ్ళు పట్టుకుని ఒక్కొక్కరే లేచారు. మూడో వరుస చివరి మనిషి లేవలేదు. గడ్డం ఛాతీకి ఆనించి అలాగే ఉన్నాడు.

గంట కొట్టే ముసలాయన ఆమె చెవిలో గొణిగాడు. "నిద్ర పట్టేసినట్టుంది పెద్దాయనకి. లేపు తల్లీ."

ఆమె వెళ్ళి భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. రెండో చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది, వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయినట్టు.

"నిద్రపోలేదు" అంది.

మౌనం పాటిస్తున్న హాల్లో ఆ మాట అందరికీ వినిపించింది. అన్న కోసం ఆయన నోట రప్పించాలని ఇన్నేళ్ళు దాచుకున్న మాట. దాన్ని తన నోటితో తనే, ఆయన కోసం ఖర్చు పెట్టేసింది. కూలబడి కడుపు మండి ఏడ్చింది. ఎంత జాలిగుండె, అనుకున్నారు చూసినవాళ్ళు.

నలుగురూ కలిసి ఆయన్ని మోసుకుపోయారు. తట్టి సర్దుదామని చేతిలోకి తీసుకున్న మెత్తను ఆమె తట్టలేక చాప మీదే పెట్టేసింది. దాని ఎడమవైపు దూదిలో, కండె ఉన్నచోట, బొటనవేలంత గుంట అలాగే ఉంది.