చాలంటే చాలనే

ఆ ఆదివారం ఇంట్లో నాయనమ్మ బుల్లెమ్మ, చిన్నాయన వెంకటనారాయణ, చిన్నమ్మ, నేను, బోనకల్ నుంచి వచ్చిన చెంచురామయ్య తాత ఉన్నాం. తాత నాయనమ్మకు తమ్ముడు. ఆయన్ను తీర్పు చెప్పడానికి పిలిపించారు.

చిన్నమ్మ భద్రాచలంలో సర్కారు ఆఫీసులో పనిచేస్తుంది. ప్రమోషన్ ఇచ్చి చర్లకు వేశారు. రేపే చేరాలి. ప్రమోషన్ వద్దని రాసిమ్మంటాడు చిన్నాయన. "నేను పోతా" అని చిన్నమ్మ గోడ వైపు చూస్తూ రోజూ చెబుతూనే ఉంది. ఎవరూ చేస్తున్న పని కూడా ఆపలేదు.

చిన్నమ్మ మనుషుల మొహం చూసి మాట్లాడదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుంటుంది. నీలం నూలు చీరలు తప్ప కట్టదు. ఆమె కథలు వారపత్రికలో వస్తాయి. బయట ఆమె రచయిత్రి, ఇంట్లో తిక్కది. ఆమె తీరుకు వేరే పేరేదో ఉండి ఉంటుంది, నాకే తెలియదు. చుట్టాలొస్తే నేనూ తలుపు వెనక దాక్కుంటాను. నాది సిగ్గంటారు. పెళ్లయితే దాన్నీ తిక్క అంటారేమోనని నిద్ర పట్టదు.

పొద్దున్నుంచి వంటంతా చిన్నమ్మే చేసింది. రెండోసారి పులుసు పోయబోతే తాత చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, చాలు" అన్నాడు. అట్లా అన్నాక ఇంకొంచెం, ఇంకొంచెం అని కొసరి వడ్డించాలి. అది మర్యాద. చిన్నమ్మ గిన్నె తీసుకుపోయి లోపల పెట్టి, చెయ్యి కడుక్కుని, తన గదిలోకి వెళ్లిపోయింది.

"కడుపు నిండకనే లేస్తున్ననే అక్కా. ఇంటికొచ్చినోళ్లనే చూసుకోనిది, చర్ల పోయి జనాన్ని ఏం చూస్తది?" అన్నాడు తాత.

"మామ కాళ్లు పట్టుకొమ్మను. తర్వాత సంగతి తర్వాత," అని చిన్నాయన నన్ను లోపలికి పంపాడు.

చిన్నమ్మ చెవుల్లో దూది పెట్టుకుని ట్రంకులో చీరలు సర్దుతోంది. దూది తీసి, నేను చెప్పింది విన్నది.

"చాలన్నడు గదా?"

"చాలంటే ఇంకా పెట్టమని, చిన్నమ్మా."

ఆమె చేతిలో చీర ఆగిపోయింది. "ఈ ఇంట్ల మాటంటే గట్లనా? మరి నేను పోతా అంటే, పోననుకున్నరా ఇన్ని రోజులు?"

తలూపాను.

"పోయి చెప్పు. నా మాట నా మాటగానే చెప్పు." దూదిలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. "చెప్పినంక అరుస్తరు. ఇది పెట్టుకో."

నలుగురిలో నోరు తెరిచి ఎరగను. గొంతు మాత్రం నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది.

"చిన్నమ్మ కాళ్లు పట్టుకోదంట. రేపు చర్లకు పోతదంట. పోతదంటే పోతదనే."

చిన్నాయన నవ్వబోయి ఆగిపోయాడు. నాయనమ్మ నా రెక్క పట్టి గుంజి, చిన్నమ్మ గదిలోకి నెట్టి, తలుపు మూసింది. ఏమని తిట్టిందో సరిగా వినబడలేదు. దూది అప్పటికే చెవుల్లో పెట్టుకున్నాను.