అక్క మీద అరిచిన రోజు

అక్క మా లాండ్రీ పాత వ్యాన్‌ని కొట్టు ముందు ఆపగానే హారన్ ఆగకుండా మోగసాగింది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు.

"గట్టిగా నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? నీకెందుకీ డ్రైవింగు!" అని అందరి ముందూ అరిచాను. అక్క తలవంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఫ్యూజు పీకితే మోత ఆగింది. స్టీరింగు మధ్యనున్న మూత విప్పాను. కిందటి నెల నేను బద్ధకంగా చుట్టిన టేపు ఊడిపోయి, హారన్ తీగ ఇనుముకు తగులుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క ఇస్త్రీ చేస్తోంది.

"అక్కా, తప్పు నాదే. టేపు సరిగ్గా వేయలేదు."

"సరేలే," అంది చొక్కా మీంచి చూపు తిప్పకుండా. "రేపట్నుంచి నువ్వే తోలుకో."

బయటికొచ్చి, పక్కింటి తలుపు తట్టాను. అక్క తప్పేమీ లేదని ఒక్కొక్క ఇంట్లోనూ చెప్పుకుంటూ వెళ్లాను.