ఎర్ర బాణాలు

గుండ్రటి మొన కత్తెరతో గుడ్డ తెగదు, నలుగుతుంది, ఆ మాత్రం తెలియకుండా ఇరవైమంది పిల్లల చేతుల్లో ఇరవై కత్తెరలు పెట్టి, సెలవుల్లో అమ్మానాన్నలతో బొమ్మల తయారీ అని లైబ్రరీ గుమ్మానికి కాగితం అంటించారు, సరేలే, నేను కత్తెరల తనిఖీకి రాలేదు, నా కూతురితో కలిసి గుడ్డబొమ్మ కుట్టడానికి వచ్చాను, సెలవడిగితే సూపర్‌వైజరు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అన్నాడు, అవునన్నాను, అబద్ధమేం కాదు, ఎనిమిదేళ్ల పిల్ల రెండు నెలలుగా నోరు విప్పకపోతే ఏమనాలి, మూడేళ్లప్పుడు దాని వాగుడు భరించలేక వసపిట్టా అని పిలిచేవాళ్లం, ఇప్పుడు క్లాసులో ప్రశ్న అడిగితే నేలచూపులు చూస్తుందట, అన్నీ తెలుసండీ, రాయమంటే రాస్తుంది, నోట మాటే రాదు అంది వాళ్ల టీచరు, సెలవుల్లో దగ్గర కూర్చోబెట్టుకుని ఏదైనా చేయించండి, అప్పటికీ మాట్లాడకపోతే డాక్టరుకి చూపిద్దాం అంది, ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

అందుకే మెట్లెక్కుతూనే ఒట్టు పెట్టుకున్నాను, ఈ పూట వంక పెట్టను, ఏం చేసినా బాగుందనే అంటాను, మా ఆయన ఎప్పుడూ అనేదే కదా, నువ్వు కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషివని, పీకుతాను మరి, పదకొండేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే అది, బల్ల మీదికి చొక్కా వస్తుంది, కాలరు, కఫ్, కాజాలు, తిరగేసి లోపలి కుట్లు, తప్పున్న చోట ఒక ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి తోసెయ్యడం, పూటకి మూడొందల చొక్కాలు, నా చేతిలోంచి తప్పు జారిపోయిందన్న మాట ఇంతవరకూ రాలేదు, ఇక్కడ మాత్రం ఊరుకోవాలి, ఊరుకున్నాను, పిల్ల దారం బారెడు తీసి చిక్కు వేసుకుంది, ఊరుకున్నాను, ఒక కుట్టు చీమంత, దాని పక్కది వేలంత, దూది చంకలోంచి బయటికొస్తోంది, పళ్లు బిగబట్టుకుని మరీ ఊరుకున్నాను, పక్క బల్ల దగ్గర ఒక తండ్రీ కొడుకూ బొమ్మకి మెడ ఉండాల్సిన చోట కాలు కుట్టేసి, ఇది మనిషా బంగాళాదుంపా అని ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకుంటున్నారు, సిగ్గు లేకపోతే సరి అనుకున్నాను, అనుకున్నానంతే, పైకి ఒక్క ముక్క అనలేదు, ఆ పట్టుదలకి నాకే ముచ్చటేసింది.

నోరు కట్టేసుకున్నాను కానీ చేతుల సంగతి చూసుకోలేదు, ఆ పక్క బల్ల కుర్రాడు మా దగ్గరికొచ్చి బొమ్మ మీద అవేంటి, డిజైనా అని అడిగేదాకా నాకు తెలియదు, చంక కింద ఒక ఎర్ర బాణం, మెడ దగ్గర రెండు, పాదం మీద ఒకటి, స్టిక్కర్ల చుట్ట నా ఒళ్లో తెరిచి ఉంది, బ్యాగులోంచి ఎప్పుడు తీశానో, ఎప్పుడు అంటించానో, దేవుడా, తీసెయ్యబోయాను, ఈలోపు నా కూతురు మాట్లాడింది, నాతో కాదు, ఆ కుర్రాడితో, చాలా మామూలుగా, దారి అడిగినవాళ్లకి దారి చెప్పినట్టుగా చెప్పింది, అవి తప్పులున్న చోట్లు, ఇంకా ఉంటాయి, అమ్మ ఇంకా వెనకవైపు చూడలేదు. వాడు అయ్యో అని నా మొహంలోకి చూశాడు, వాళ్ల నాన్న మొహం తిప్పుకున్నాడు, రెండు నెలల తర్వాత నా బిడ్డ బయట మనిషితో అన్న మాటలివి, ఒక్క అక్షరం తడుముకోలేదు.

బొమ్మలు నేర్పించే మేడమ్ వచ్చి నా కూతురి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నీ బొమ్మ పేరేంటి తల్లీ అంది, ఎంతో నెమ్మదిగా అడిగింది, పిల్ల పెదాలు కదిలాయి, పేరుంది, ఎప్పుడో పెట్టుకుంది, నాకు కనిపిస్తూనే ఉంది, గొంతు దాకా వచ్చింది, అక్కడ ఆగి నావైపు చూసింది, ఒక్క క్షణం, మళ్లీ పెదాలు కదిలాయి చప్పుడు లేకుండా, ఈసారి వేరే పేరు కాబోలు, మళ్లీ నావైపు చూసింది, నేను నవ్వాను, చెప్పమ్మా బాగుంటుంది అన్నాను, నా నవ్వులో కూడా ఏదో వెతుక్కుని తల దించేసుకుంది, అప్పుడు తెలిసింది, మాటలు లేక కాదు ఈ పిల్ల ఊరుకుంటున్నది, ప్రతి మాటనీ లోపలే తిరగేసి, ఎగుడుదిగుడు చూసుకుని, అమ్మకి ఇది పనికిరాదని వెనక్కి తోసేస్తోంది, క్లాసులో నేను లేకపోయినా నా బదులు అదే ఆ పని చేసుకుంటోంది, పదకొండేళ్లలో నాకంటే బాగా పని నేర్చుకున్నవాళ్లని చూడలేదు నేను, నా కూతురు నేర్చుకుంది, దానికి పట్టిన జబ్బు నేనే.